చూళ్ళేదండి

పరబ్రహ్మంగారిని ఎవరైనా ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కారు. శ్రద్ధగా విని, తలూపి, మీ ఆవు ఈనిందా అనో, మీ పెద్దాడు పరీక్ష రాశాడా అనో వేరే సంగతి ఎత్తుకునేవారు. అడిగినవాడు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయేవాడు. వారం గడిచాకో, నెల గడిచాకో ఆయన హఠాత్తుగా ఆ మనిషిని వెంటబెట్టుకుని ఏ సంతకో, ఏ కళ్ళంలోకో బయలుదేరేవారు. అక్కడ ఏదో జరిగేది. జరగని రోజులు కూడా ఉండేవి. అప్పుడు ఇద్దరూ ఎండలో తిరిగి, మజ్జిగ తాగి ఇంటికి వచ్చేవారు.

గోదావరి డెల్టాలో ఒక పెద్ద కాలవ ఒడ్డున ఆయన ఆశ్రమం. ఆశ్రమమంటే నాలుగు తాటాకు పాకలు, ఒక బావి, కాసిని బంతిమొక్కలు. ఆదివారం సాయంత్రాలు చుట్టుపక్కల ఊళ్ళనుంచి రైతులు, బడి పంతుళ్ళు, చిన్న ఉద్యోగస్తులు వచ్చి కూర్చునేవారు. వాళ్ళలో కోదండపాణి ఒకడు. ఆ కాలవ మీద పద్నాలుగు మైళ్ళ భాగానికి అతను అధికారి. ముప్పై నాలుగేళ్ళవాడు, చదువుకున్నవాడు, పని అంటే ప్రాణం పెట్టేవాడు. అతని కింద పదకొండు మంది లస్కర్లు ఉండేవారు. రోజూ కాలవకట్ట మీద నడిచి, ఎక్కడ ఎలకలు బుంగ తవ్వాయో, ఎక్కడ గట్టు జారిందో, ఏ తూము తలుపు బిగుసుకుందో చూసి ఆఫీసులో చెప్పడం లస్కరు ఉద్యోగం. చూసి చెప్పడమే ఉద్యోగం కాబట్టి, చూడకపోతే ఆ ఉద్యోగం ఉన్నా లేనట్టే.

శ్రావణమాసంలో ఒక ఆదివారం కోదండపాణి అందరూ వెళ్ళేదాకా ఉండి, గురువుగారికి దగ్గరగా జరిగి కూర్చున్నాడు.

"గురువుగారూ, పనిమీద మనసు పెట్టడమనేది మనిషికి పుట్టుకతో వస్తుందా, భయంతో వస్తుందా, ఆశతో వస్తుందా?"

"ఎందుకొచ్చింది ఆ సందేహం?"

"మా లస్కర్లను చూసి వచ్చిందండి. నేనొచ్చి ఏడాదిన్నర అయింది. వాళ్ళ క్వార్టర్లు కురుస్తుంటే పైవాళ్ళతో పోట్లాడి పెంకులు నేయించాను. కొత్త టార్చిలైట్లు, వానకోట్లు తెప్పించాను. మంచి మాటలు చెప్పాను. అది కుదరక మెమోలు ఇచ్చాను. ఏం చేసినా ఒకటే. తిరిగొస్తారు, పుస్తకంలో 'అంతా సవ్యం' అని వేలిముద్ర వేస్తారు, పోతారు. పోయిన నెల తొమ్మిదో మైలు దగ్గర గట్టు జారితే నాకు చెప్పింది మా లస్కరు కాదండి, పాలు పోసే ఆవిడ. అదే లస్కరు ఆ పొద్దున అటే నడిచాడు. అడిగితే 'చూళ్ళేదండి' అన్నాడు. వాళ్ళ నోట ఆ మాట విని విని నాకు విసుగొచ్చింది. పర్మనెంటు ఉద్యోగం కదా, ధీమా పెరిగిపోయిందనుకోవాలా? తరాలనుంచి ఎవరో చెప్పింది చేయడమే తప్ప తమదనే భావం లేక ఇలా అయ్యారనుకోవాలా?"

పరబ్రహ్మంగారు తలూపారు. "మీ అమ్మాయికి జ్వరం తగ్గిందా, పాణీ?" అని అడిగారు.

తగ్గిందని చెప్పి కోదండపాణి లేచాడు. సైకిలెక్కి వెళుతూ, ఈయనకి వయసు మీద పడుతోంది అనుకున్నాడు.

బుధవారం పొద్దున్న అతను కాలవ చూసుకోవడానికి బయలుదేరుతుంటే గురువుగారు చేతికర్ర పట్టుకుని ఆఫీసు అరుగు ముందు నిలబడి ఉన్నారు. "నీతో కాస్త నడుస్తాను. చాలా రోజులైంది కట్ట మీదకి వచ్చి" అన్నారు. వద్దనడానికి కోదండపాణికి కారణం కనిపించలేదు, సైకిలు నడిపించుకుంటూ ఆయనతో బయలుదేరాడు. నాలుగు రోజులుగా పైన ముసురు. కాలవ నిండుగా, ఎర్రగా పారుతోంది. ఆ పూటకి వాన తెరిపిచ్చింది. కట్టకి ఒక పక్క కాలవ, రెండో పక్క పల్లంలో అప్పుడే ఊడ్పులు పూర్తయిన చేలు, వాటి నడుమ ముప్పై గడపల పేట, పేట మొదట్లో పెంకుటింట్లో చిన్నపిల్లల బడి. పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తుంటే కట్ట మీదకి వినిపిస్తోంది.

ఆ మూడు మైళ్ళూ ఏసుపాదం అనే లస్కరు తిరిగే మేర. యాభై దాటినవాడు, సన్నగా తుమ్మకర్రలా ఉంటాడు. అధికారిని చూడగానే తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, పది అడుగులు వెనకగా నడవసాగాడు. గురువుగారు తన నడక నెమ్మది చేసి అతని పక్కకి చేరారు. ఆయన ఏమీ అడగలేదు. ఏసుపాదమూ మాట్లాడలేదు. కోదండపాణి ముందు నడుస్తూ, గట్టు మీద మొలిచిన కంపని చూసి, ఇది కొట్టించలేదేం అని ఒకసారి వెనక్కి తిరిగి అడిగాడు. "కొట్టిస్తానండి, ఆయ్" అన్నాడు ఏసుపాదం.

ఇంకో అరమైలు నడిచాక ఏసుపాదం నడక మందగించింది, చూపు పల్లం వైపు పోయింది. గురువుగారు ఆగిపోయారు. "పాణీ, కాసేపు ఇక్కడ కూర్చుందాం" అన్నారు.

"ఇంకొంచెం ముందుకెళితే తాడిచెట్ల నీడ ఉందండి."

"ఇక్కడే బాగుంది."

కూర్చుంటానన్న మనిషి కూర్చోలేదు. కర్ర ఊతంగా పల్లం వైపు మెల్లిగా గట్టు దిగడం మొదలుపెట్టారు. జారతారండీ అంటూ కోదండపాణి వెనకే దిగాడు. కట్ట మొదట్లో తుంగ ఒత్తుగా పెరిగిన చోట గురువుగారి పాదం మడమ దాకా కూరుకుపోయింది. "నేల మరీ మెత్తగా ఉందే ఇక్కడ" అన్నారాయన, కాలు పీక్కుంటూ. కోదండపాణి తుంగ పక్కకి తప్పించి చూశాడు. బొటనవేలంత రంధ్రంలోంచి నీరు ఉబికి వస్తోంది. అతను ఆ నీటి రంగు చూశాడు. అది కాలవ ఊట మాత్రమే అయితే తేటగా ఉండాలి. ఇది మజ్జిగలో పసుపు కలిపినట్టు చిక్కగా ఉంది. అంటే నీటితోబాటు కట్టలోని మట్టి కరిగి వచ్చేస్తోంది. ఇలా మొదలైన బుంగ పూట తిరక్కుండా గండిగా మారడం అతను చదువుకునే రోజుల్లో లెక్కలుగా చదివాడు, ఇంతకు ముందు పనిచేసిన చోట కళ్ళారా చూశాడు. అక్కడ గడ్డివాములు ఎద్దులతో సహా కొట్టుకుపోయాయి. పల్లంలో పిల్లలు పన్నెండో ఎక్కం అందుకున్నారు.

"ఏసుపాదం!" అని అరిచాడు. "ఎన్నాళ్ళయింది ఇది పడి?"

ఏసుపాదం గట్టు మీదే నిలబడ్డాడు. "చూళ్ళేదండి" అన్నాడు.

"రోజూ ఇటే తిరుగుతావు. చూళ్ళేదా? కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుస్తున్నావు?"

"చూళ్ళేదండి."

కోదండపాణి గట్టెక్కబోయాడు. నోట్లోకి రాబోయిన మాట అతను అదివరకు ఎవరినీ అననిది. గురువుగారు అతని మోచెయ్యి పట్టుకున్నారు. "నువ్వు అడిగినదానికి అతను జవాబు చెప్పలేడు, నాయనా" అన్నారు నెమ్మదిగా. "చెప్పగలిగింది అడుగు."

ఆ మాట కోదండపాణికి అర్థమై కాదు, వేరే దిక్కు లేక తలకెక్కింది. మనుషులను పిలవాలంటే ఆఫీసు నాలుగు మైళ్ళు. ఇసుక బస్తాలు ఎక్కడ దొరుకుతాయో తెలీదు. తను చదివిన చదువులో ఈ క్షణానికి పనికొచ్చే వాక్యం ఒక్కటీ గుర్తు రాలేదు. అతను గట్టు మీదికి చూశాడు.

"ఏం చేద్దాం, ఏసుపాదం?" అన్నాడు.

లస్కరు అతని ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ తర్వాత తలగుడ్డ నడుముకి బిగించి ఒక్క ఊపులో గట్టు దిగాడు. నీటిలో చెయ్యి పెట్టి, వేళ్ళమధ్య మట్టి నలిపి చూశాడు. "టైముందండి, మజ్జానం దాకా ఆగుద్ది" అన్నాడు. "ముందు పిల్లల్ని బళ్ళోంచి పంపేయమనండి. మీ సైకిలు మీద ఎవరైనా ఎగువ లాకుల కాడికెళ్ళి చక్రం రెండు చుట్లు తిప్పి తలుపులు దింపమని చెప్పాల. నూకరాజు అవతలి మేరలో ఉంటాడు, కేకేత్తే ఒచ్చేత్తాడు. గడ్డి కావాల, గోనెలు కావాల, జిగురుమట్టి కావాల. మట్టి బడి ఎనక దిబ్బలో ఉంది. ఇక్కడ పైకి ఒచ్చే నీళ్ళకి అడ్డమేత్తే లాభం లేదండి, ఇంకో చోట పొడుచుకొత్తది. కాలవలో దాని నోరెక్కడుందో పట్టుకోవాల. అది నేను చూత్తాను."

ఏడాదిన్నరలో ఏసుపాదం అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం కోదండపాణి వినలేదు. అతను చెప్పిన వరసలోనే పనులు జరిగాయి. బడి పంతులు సైకిలెక్కి లాకులకి పోయాడు. పిల్లలు మెరకవీధికి పరుగెత్తారు. పేటలో ఆడవాళ్ళు తట్టలతో జిగురుమట్టి ఎత్తారు, మగవాళ్ళు వాములు తీసి గడ్డి మోసుకొచ్చారు. నూకరాజు వచ్చాడు, అతనూ లస్కరే, బండగా, పొట్టిగా ఉండే మనిషి, వస్తూనే గోనెల్లో మట్టి కూరడం మొదలుపెట్టాడు. పరబ్రహ్మంగారు గట్టు మీద కూర్చుని గడ్డితో తాడు పేనారు. ఎవరూ ఆయన్ని పట్టించుకోలేదు, ఆయనా ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఏసుపాదం కాలవ అంచున చాలాసేపు నీటిని చూస్తూ కూర్చున్నాడు. నిండు ప్రవాహంలో అరచేయంత మేర నీరు చిన్నగా సుడి తిరుగుతున్న చోటు అతనికే కనిపించింది. నడుముకి మోకు కట్టుకుని, రెండో కొస కోదండపాణి చేతికిచ్చాడు.

"రెండుసార్లు గుంజితే పైకి లాగండి. గుంజకపోతే లాగొద్దు."

"గుంజకపోతే?" అన్నాడు కోదండపాణి.

"లాగొద్దండి."

మొదటిసారి మునిగి ఉత్త చేతులతో తేలాడు. రెండోసారీ అంతే. మూడోసారి మునిగినవాడు తేలలేదు. కోదండపాణి లెక్కపెట్టసాగాడు. ముప్పై దాకా నిదానంగా లెక్కపెట్టాడు. నలభై దగ్గర అతని అరచేతులు చెమటతో జారాయి. మోకులో కదలిక లేదు. యాభై. అతనికి ఏసుపాదం పెళ్ళాం పేరు తెలీదు. పిల్లలెందరో తెలీదు. ఏడాదిన్నరగా ఈ మనిషి గురించి తనకి తెలిసింది ఒక వేలిముద్ర మాత్రమే. అరవై. లాగేద్దామని కాలు బిగించి వంగాడు.

"లాగకండి. ఆయన చెప్పలేదు" అన్నాడు నూకరాజు పక్కనుంచి.

"మనిషి పోతాడురా!"

"లాగితే తలకాయి రాయికి కొట్టుకుంటదండి. లోపల ఎటు తిరిగున్నాడో మనకి తెలవదు. ఆయనకి తెలుసు."

కోదండపాణి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మోకు రెండుసార్లు అదిరింది. ఇద్దరూ కలిసి లాగారు. ఏసుపాదం ముక్కులోంచి నోట్లోంచి నీళ్ళు కక్కుతూ ఒడ్డుకి వచ్చి, గడ్డి పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. మాట్లాడటానికి చాలాసేపు పట్టింది గాని, నవ్వుతూనే అన్నాడు. "దొరికిందండి. నా తొడంత ఉంది."

కోదండపాణి గట్టు మీద కూలబడ్డాడు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో అతనికే తెలియలేదు.

ఆ తర్వాత పని కష్టమే అయినా భయం సగం తీరింది. నోరెక్కడుందో తెలిశాక, గురువుగారు పేనిన తాళ్ళతో చుట్టిన గడ్డిమోపులు, జిగురుమట్టి గోనెలు ఒకదాని వెనక ఒకటి దించారు. ఏసుపాదం, నూకరాజు మెడలోతు నీళ్ళలో నిలబడి కాళ్ళతో వాటిని లోపలికి తొక్కారు. ఈలోగా ఎగువ లాకులు దింపడంతో కాలవ జానెడు తగ్గింది. పల్లం వైపు మట్టి గోనెలతో బుంగ చుట్టూ గుండ్రంగా చిన్న కట్ట వేశారు. మధ్యాహ్నం దాటాక అందరూ ఆ గుండ్రం చుట్టూ వంగి నిలబడ్డారు. చిక్కగా వచ్చే నీరు పలచబడింది. పలచబడి పలచబడి, అడుగున తుంగవేళ్ళు కనిపించాయి. ఇంకాసేపటికి ఇసుకరేణువులు ఒక్కొక్కటీ కనిపించాయి. ఒక ముసలామె వంగి దోసిట్లో ఆ నీళ్ళు తీసుకుని మొహం కడుక్కుంది. బడి పంతులు పిల్లల్ని మళ్ళీ పిలవనా వద్దా అని అడిగితే, ఇవాళ్టికి సెలవియ్యవయ్యా అని అందరూ ఒక్కసారి నవ్వారు.

పేటవాళ్ళు వండి తెచ్చిన అన్నం, చింతకాయ పచ్చడి గట్టు మీదే తిన్నారు. గురువుగారు, కోదండపాణి, ఏసుపాదం ఒక చోట కూర్చున్నారు. కోదండపాణి ముద్ద కలుపుతూ, విస్తరి వైపే చూస్తూ అడిగాడు. "ఏసుపాదం, నేనేమీ అనను. ఇది ముందే చూశావు కదూ?"

ఏసుపాదం గురువుగారి వైపు చూశాడు. ఆయన పచ్చడి నంజుకుంటున్నారు.

"శుక్రవారం చూశానండి" అన్నాడు చివరికి. "అప్పుడు తేటగా ఒచ్చేది. తెల్లారకముందే ఒచ్చి తట్టెడు మట్టేసి తొక్కేవోణ్ణి. ఐదు రోజులూ తొక్కాను. ఇయ్యాల నీళ్ళు రంగు మారినయ్యి. తొక్కినా ఆగలేదండి."

"ఒక్కడివే?"

"కట్ట కదండీ. చూత్తా ఊరుకుంటే అన్నం దిగదు కదా."

కోదండపాణి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఐదు రోజులు చీకటితో లేచి ఒంటరిగా మట్టి మోసినవాడు, పగలు తనని చూసి చూళ్ళేదన్నాడు. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఏసుపాదం తల దించుకుని, మెతుకులు ఏరుతూ చెప్పాడు. మునుపటి ఆఫీసరు ఉన్నప్పుడు ఇలాగే ఒక బుంగ చూసి పరుగెత్తుకెళ్ళి చెప్పాడట. నీ మేరలో పడింది కాబట్టి నీ నిర్లక్ష్యమేనని ఆయన ఆర్నెల్లు సస్పెండు చేశాడట. "ఆయనెళ్ళిపోయి మీరొచ్చారండి. మీరు మంచోరని అందరూ అన్నారు. మూడో రోజు ఆరో మైలు తూము తలుపుకి మర ఇరిగిందని చెప్దామని మీ కాడికొచ్చాను. మీరేవో కాయితాలు చూసుకుంటన్నారు. తలెత్తకుండా, 'నీ డ్యూటీలోనే విరిగిందా?' అన్నారు. కాదండి అన్నాను. 'మరెవరి డ్యూటీలో?' అన్నారు. నూకరాజు పేరు చెప్పాల్సొచ్చింది. పది రోజులకి నూకరాజుకి మెమో ఒచ్చింది. ఆడు నాతో రెణ్ణెల్లు మాట్లాడలేదండి. మెమో ఒచ్చిన రోజే అందరం ఒక మాట అనుకున్నాం, మనం చూడొద్దురా అని."

కోదండపాణి గుర్తు తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాడు. తూము తలుపు గుర్తొచ్చింది. మర మార్పించడం గుర్తొచ్చింది. ఎదురుగా నిలబడ్డ మనిషి గుర్తు రాలేదు, తను అడిగిన మాట అసలే గుర్తు రాలేదు. అందులో కోపంగా అన్నది ఏమీ లేదు. ఏ కార్యాలయంలోనైనా రోజుకి పదిసార్లు వినబడే మాటే. దాన్ని పదకొండు మంది మనుషులు ఏడాదిన్నరగా మోస్తున్నారు. పెంకులు, టార్చిలైట్లు, వానకోట్లు అన్నీ ఆ మాట మీదే వచ్చి పడ్డాయి.

"నూకరాజు మెమో రేపు నేనే వెనక్కి తీసుకుంటాను" అన్నాడు. 

ఏసుపాదం తలూపాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

మర్నాడు ఆఫీసులో కోదండపాణి నూకరాజు మెమో రద్దు చేసి తనే సంతకం పెట్టాడు. లస్కర్ల పుస్తకం తెరిచి చూశాడు. ప్రతి పేజీలోనూ లోపం పక్కన 'ఎవరి డ్యూటీలో' అనే గడి ఉంది. ఎవరు ఎప్పుడు పెట్టారో తెలీదు, తనూ దాన్ని అలాగే కొనసాగించాడు. ఆ గడి కొట్టేసి, పదకొండు మందినీ పిలిచి చూపించాడు. ఉపన్యాసం ఇద్దామని రాత్రంతా మాటలు కూర్చుకున్నాడు గాని, వాళ్ళ ముఖాలు చూశాక అవేవీ నోట రాలేదు. "కట్ట మీద ఏం కనపడినా వచ్చి చెప్పండి. నేను ముందు కట్ట సంగతి అడుగుతాను" అని ఊరుకున్నాడు.

పది రోజులు ఎవరూ రాలేదు. పదకొండో రోజు అతను భోజనానికి కూర్చున్న వేళ ఒక లస్కరు రొప్పుతూ వచ్చి, ఎనిమిదో మైలు దగ్గర కట్ట మొదట్లో చెమ్మ కనపడిందన్నాడు. కోదండపాణి అన్నం వదిలేసి వానలో మూడు మైళ్ళు సైకిలు తొక్కాడు. తీరా చూస్తే అది గేదెలు పొర్లిన బురదగుంట. కబురు తెచ్చినవాడి ముఖం పాలిపోయింది. కోదండపాణికి కడుపులో ఆకలి, ఒంటిమీద తడిబట్టలు, నాలిక కొసన పాత మాట. దాన్ని మింగాడు. బురదగుంట చుట్టూ తిరిగి, నిజంగానే బుంగేమో అన్నట్టు అన్ని వైపులా నొక్కి చూశాడు. "బుంగ కాదు, బతికిపోయాం. బుంగ అయ్యుంటే నువ్వు చెప్పబట్టి ఇవాళ దొరికేది. మళ్ళీ అనుమానం వస్తే మళ్ళీ రా" అన్నాడు. ఇంటికి తిరిగి వచ్చేసరికి వానలో తడిసిన తలలో ఎక్కడో హాయిగా ఉంది. మర్నాడు ఇద్దరొచ్చారు. ఆ వారంలో ఆరు కబుర్లు వచ్చాయి. రెండు నిజమైన బుంగలు వేలు పట్టే సైజులో ఉండగానే దొరికాయి.

కార్తీకం దగ్గర పడుతుండగా కోదండపాణి ఒక ఆదివారం ఆశ్రమానికి వచ్చాడు. మనిషి తేలికపడ్డాడని చూస్తేనే తెలుస్తోంది. జరిగినవన్నీ పూసగుచ్చినట్టు గురువుగారికి చెప్పాడు. చెప్పి, కాస్త సిగ్గుపడుతూ ఇంకో సంగతి చేర్చాడు.

"నిన్న ఏడో మైలు దగ్గర గట్టు కోసుకుపోకుండా గుంజలు పాతించానండి. గుర్తులు నేనే పెట్టాను. సగం పాతాక నూకరాజు అక్కడికొచ్చి, 'ఇలా పాతితే సంకురాత్రి దాకా ఉండవండి. నీళ్ళు ఇటునించి కోత్తాయి, మీరు అటు వాల్చారు. మీరు పెట్టిన గుర్తులే తప్పు' అన్నాడు. కూలీలందరి ముందూ అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఒళ్ళు మండింది. తర్వాత నీళ్ళలోకి దిగి చూశాను. అతను చెప్పిందే నిజం. పీకించి మళ్ళీ పాతించాను."

"ఆ మాట అనేముందు అతను తటపటాయించాడా?" అని అడిగారు పరబ్రహ్మంగారు.

కోదండపాణి ఆలోచించాడు. ఆ మేరలో లస్కరన్నవాడు అధికారి సైకిలు దూరాన కనపడగానే చుట్ట ఆర్పి చెవి వెనక దోపుకోవాలి. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. నిన్నటి దృశ్యం కళ్ళముందుకి వచ్చి అతనికి నవ్వాగలేదు.

"తటపటాయించడమా! నోట్లో చుట్ట తియ్యకుండానే అన్నాడండి."

పరబ్రహ్మంగారు కూడా గట్టిగా నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, లేచి పాకలోకి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు.

"ఆ చుట్ట ఆరిపోకుండా చూసుకో, నాయనా" అన్నారు.